డిస్కులో అక్షరాలు, రాగిరేకుల్లో తేదీలు

ఊరి నుంచి ఫోనొచ్చి "ఒరే, కంప్యూటర్ తెరుచుకోట్లేదు" అంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. జావాలో కోడ్ రాసుకునేవాడికి ప్రింటర్ బాగుచెయ్యడం ఎందుకు రాదో ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు :). నాకొచ్చిన ఫోన్లలో ఒకటి మాత్రం చాన్నాళ్ళు వదల్లేదు. దాని గురించే ఈ టపా. కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం అంటే తెలుసు కదా, ఉద్యానవనం అన్న మాటే అరిగి ఉద్దానమైందంటారు. ఆ కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఒక్క రాత్రిలో నేలమట్టం అయిపోయాయి. స్తంభాలు విరిగిపోయి చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చేక కూడా లైటు ఒకసారి మిణుగురులా, ఒకసారి సూర్యుడిలా. సరిగ్గా ఆ టైములో మా పెదనాన్న తన కంప్యూటర్ ఆన్ చేసేరు.

అది 2004లో కొన్న అసెంబుల్డ్ డబ్బా. 40 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే నీళ్ళొదిలేసింది గానీ, నెట్ కనెక్షన్ లేని పెదనాన్నకి ఆ కబురు చేరలేదు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. 2005 నుంచీ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ముసలివాళ్ళ దగ్గర కూర్చుని మాటలు రాసుకున్నారు. ఏ గరువుకి ఆ పేరెందుకొచ్చింది, ఏ తోట ఎవరు వేసేరు, వలల్లో రకాలు, గాలుల పేర్లు. నోటు పుస్తకాల్లో రాసి, తర్వాత వర్డ్‌లో టైపు కొట్టేవారు. పుస్తకాలు కొన్ని చెదలు తినేసింది, మిగిలినవి తుఫాన్లో తడిసి ముద్దయిపోయాయి. చెప్పినవాళ్ళలో సగం మంది అప్పటికే లేరు. తోటల సంగతి పైన చెప్పేను కదా. ఇంక మిగిలింది ఆ డిస్కే.

నేను వెళ్ళేసరికి ఒక మెకానిక్ కుర్రాడు చూసి వెళ్ళిపోయేడు. నీలం తెర మీద బూట్ వాల్యూమ్ మౌంట్ అవ్వట్లేదన్న మెసేజ్ చూసి, సీడీ పెట్టి చెక్‌డిస్క్ నడిపేడట. సగంలో ఆగిపోయిందట. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, శుభ్రంగా అయిపోద్ది" అన్నాడట. పెదనాన్న ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆయనకి ఆ మాట నచ్చలేదు, అంతే. అదృష్టం ఒక్కోసారి అలా పనిచేస్తుంది.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. చెక్‌డిస్క్ తన ధర్మం తను చేస్తుంది. దానికి ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిపోవాలి, మన ఫైళ్ళు ఉన్నాయా పోయాయా దానికి పట్టదు. లెక్కకి అందని ముక్కల్ని తీసి ఓ ఫోల్డర్‌లో పడేసి, సంబంధం తెగినవి చెరిపేసి, "అంతా బాగుంది" అంటుంది. డిస్క్ బాగుండి విండోస్ మాత్రమే చెడితే పర్లేదు. కానీ డిస్కే చచ్చిపోతున్నప్పుడు దానిమీద రాయించడం అంటే, ఊపిరాడని మనిషి చేత పరుగు పందెం పెట్టించడమే. చెవి పెట్టి వింటే లోపల కటకట వినిపించింది.

"ఏట్రా, వస్తాదా?" అన్నారు పెదనాన్న.

"చూద్దాం పెదనాన్నా. ముందు దాన్ని ముట్టుకోడం ఆపేద్దాం."

మా బావ డిస్కుని ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని ఎక్కడో చదివేడట. ఉద్దానం గాలిలో ఉండే తేమకి బయటకి తీసిన మరుక్షణం లోపల నీళ్ళు పడతాయి. ఆ రోజు ఫ్రిజ్‌కి కూడా కరెంటు లేదనుకోండి, అది వేరే విషయం.

ఇక్కడ కొంచెం చరిత్ర. చెరిపేసిన ఫైలు నిజంగా పోదు అన్న సంగతి జనానికి తెలిసింది 1982లో పీటర్ నార్టన్ అమ్మిన అన్‌ఇరేజ్ ప్రోగ్రామ్‌తో. డాస్‌లో ఫైలు డిలీట్ చేస్తే పేరులో మొదటి అక్షరం మారేది, సరుకంతా అక్కడే పడుండేది. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అని పిలిచిన సీఐహెచ్ వైరస్ మన దేశంతో సహా ఆసియాలో చాలా కంప్యూటర్లని కొట్టేసింది. డిస్క్ మొదట్లో ఒక మెగాబైట్ సున్నాలతో నింపేసేది. అంతా పోయిందనుకున్నారు. కానీ ఫ్యాట్ పట్టికకి రెండో కాపీ ఉంటుంది. పెద్ద డిస్కుల్లో అది ఆ మొదటి మెగాబైట్ దాటాక ఉండేది. దాన్ని పట్టుకునే చాలామంది డేటా వెనక్కి తెచ్చుకున్నారు. ఎక్స్‌పీ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కూడా ఇలాంటి ముందుజాగ్రత్త ఉంది. బూట్ సెక్టార్ నకలు పార్టిషన్ చివర్న, ఫైళ్ళ పట్టికలో మొదటి నాలుగు రికార్డుల నకలు ఇంకోచోట.

మేం చేసింది ఇది. డిస్క్ ఊడదీసి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే తీగతో నా లాప్‌టాప్‌కి తగిలించి, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ నడిపేను. ఆంటోనియో డియాజ్ అనే ఆయన 2004లో మొదలుపెట్టిన గ్నూ ప్రోగ్రామ్ ఇది, పెదనాన్న డబ్బా వయసే :). దాని తెలివి ఎక్కడంటే, మొండిగా ఒకేచోట తల బాదుకోదు. మొదట తేలిగ్గా వచ్చేవన్నీ గబగబా కాపీ చేసేస్తుంది, చెడ్డచోట్లు వదిలేసి దాటిపోతుంది. ఏది వచ్చింది ఏది రాలేదు ఒక ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత తీరిగ్గా వెనక్కొచ్చి అంచుల నుంచి గీక్కుంటూ వెళ్తుంది. కరెంటు పోయినా మళ్ళీ ఆగినచోటే మొదలు. మాకు అది నాలుగుసార్లు పోయింది. పెదనాన్న కుర్చీ వేసుక్కూచుని డిస్క్ మీద విసనకర్రతో విసిరేరు. రెండు రాత్రులకి కొన్ని వందల సెక్టార్లు తప్ప మొత్తం ఇమేజ్ చేతికొచ్చింది. ఆ తర్వాత పనంతా ఇమేజ్ మీదే, పాత డిస్కుని గుడ్డలో చుట్టి పెట్టేసేం. టెస్ట్‌డిస్క్‌తో ఫోల్డర్లు చాలా దొరికాయి, చెక్‌డిస్క్ పాడుచేసినవి ఫోటోరెక్‌తో ఏరుకున్నాం. రెండూ క్రిస్టఫ్ గ్రెనియే పుణ్యమే.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. ఫైలు తెరిచేను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, నక్షత్రాలు.

మీలో పాత కాపులకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, అను ఫాంట్లు. తెలుగు 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే ఉంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి ఫాంటూ ఉంది. కానీ మన డీటీపీ ప్రపంచం అప్పటికే ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లూ కొమ్ములూ కూర్చోబెట్టేసింది. ఫాంట్ ఉంటే తెలుగు, లేకపోతే చెత్త. పేపర్ల వెబ్‌సైట్లు కూడా తలో ఫాంట్ పెట్టుకున్న రోజుల్లో వెన్న నాగార్జున గారి పద్మ ఎక్స్‌టెన్షనే మనల్ని కాపాడింది. 2017 నవంబర్లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ పక్కనపెట్టినప్పుడు నాలాంటివాళ్ళం ఎంత తిట్టుకున్నామో. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు తెలుగువాళ్ళే పుణ్యం కట్టుకుని రాసినవి నెట్‌లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే బిట్లు అన్నీ ఉండి కూడా ఒక్క మాట ఉండేది కాదు.

నేను కన్వర్టర్‌తో కుస్తీ పడుతుంటే పెదనాన్న గిడుగు కథ మొదలెట్టేరు. రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో మాస్టరీకి చేరేరు. వ్యావహారిక భాష గొడవ, సవర భాష పని అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన పుస్తకాలు చూసి పాత లిపులు సొంతంగా నేర్చుకుని, ముఖలింగం గుడిలో శాసనాలు చదివేరు. గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమే అని వాదించేరు. నరసన్నపేట వైపు నడగాంలో దొరికిన వజ్రహస్తుడి రాగిరేకుల్ని ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో అచ్చువేయించేరు. శక సంవత్సరం 979, అంటే 1057 ప్రాంతానివి.

రాగిరేకుల కట్టుబడి చూస్తే ఏ స్టోరేజి ఇంజనీరైనా టోపీ తియ్యాలి. మామూలుగా అక్షరాలు అరక్కుండా రేకుల అంచులు కాస్త ఎత్తుగా ఉంటాయి. మొదటి రేకు, చివరి రేకు బయటివైపులు తరచు ఖాళీగా వదిలేస్తారు. వరస తప్పకుండా చిల్లు పెట్టి కడియం, మధ్యలో ఎవరూ రేకు మార్చకుండా కడియానికి రాజముద్ర. చెక్‌సమ్ అన్నమాట. వెయ్యేళ్ళు మట్టిలో ఉన్నా డేటా చెక్కుచెదర్లేదు.

అయినా పేచీ మిగిలింది. ముఖలింగం దగ్గరి అచ్యుతాపురంలో దొరికిన ఇంద్రవర్మ రేకుల్లో 87వ సంవత్సరం అని ఉంది. దేనికి 87? గాంగశకానికి. అదెప్పుడు మొదలైంది? ఏ రేకు మీదా లేదు. మన భాషలో చెప్పాలంటే టైమ్‌స్టాంప్ ఉంది, ఈపాక్ తెలీదు. యూనిక్స్‌కి 1970, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి 1601 అని మనకి డాక్యుమెంట్లున్నాయి, గాంగులకి లేవు. గ్రహణాలూ తిథులూ వారాలూ లెక్కకట్టి పండితులు దశాబ్దాలు కొట్టుకున్నారు. 496, 498 ప్రాంతం అని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే సరిగ్గా అదే గొడవ నా ముందుంది. ఎప్పుడో 2009 ప్రాంతంలో పెదనాన్న మదర్‌బోర్డు మీద బ్యాటరీ చచ్చిపోయింది. ఆ తర్వాత ఆన్ చేసినప్పుడల్లా గడియారం 2002 జనవరి 1 అర్ధరాత్రికి పోయేది. అందుకని దాదాపు పదేళ్ళ ఫైళ్ళన్నిటికీ ఒకటే తేదీ. టైము మాత్రం ఒంటిగంటా పది అంటే, ఆ రోజు డబ్బా ఆన్ చేసిన డెబ్భై నిమిషాలకి సేవ్ చేసేరని. అది తెలుసుకుని ఏం చేసుకుంటాం? పైగా ఫోటోరెక్ ఏరిన వాటికి పేర్లు కూడా లేవు, అంకెలే.

ఏ మాట ఎవరు ఎప్పుడు చెప్పేరన్నది పోతే ఆయన పనికి అర్థం లేదు. కాబట్టి గ్రహణాల బదులు తుఫాన్లు పట్టుకున్నాం. "నిన్న పైలిన్ పోయింది" అని ఒక ఫైల్లో ఉంటే అది 2013 అక్టోబర్ 13. హుద్‌హుద్ ప్రస్తావన ఉంటే 2014 అక్టోబర్ తర్వాతది. ఫలానా తాత బతికున్నట్టు ఉంటే ఆయన పోయిన సంక్రాంతికి ముందుది. పెదనాన్న చెప్తుంటే నేను పేర్లు మార్చుకుంటూ పోయేను. మూడు రోజులు పట్టింది. రెండు డిస్కుల్లో కాపీలు, ఒకటి ఊళ్ళో, ఒకటి నా దగ్గర, అన్నీ యూనికోడ్‌లో. సాదా టెక్స్ట్ ఫైళ్ళుగా కూడా పెట్టేను, వర్డ్ ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు.

ఒక ఫైలు మాత్రం సగంలో తెగిపోయింది. బారువ వైపు ఒక ముసలామె చెప్పిన గాలుల పేర్లు. ఏడు పేర్లుండాలి, నాలుగున్నర వచ్చాయి. రాని సెక్టార్లు సరిగ్గా అక్కడ పడ్డాయి. ఆవిడ 2011లో పోయింది.

"మీకు గుర్తున్నంత చెప్పండి, టైపు చేసేస్తాను" అన్నాను.

పెదనాన్న చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. "గుర్తున్నట్టే ఉంటాదిరా. కానీ ఆవిడ అన్నదేదో, నేననుకున్నదేదో ఇప్పుడు తెలీదు. గిడుగు వారేటి సేసేవారు? అక్షరం అరిగిపోతే సుక్కలెట్టీవారు. నువ్వూ సుక్కలెట్టీ" అన్నారు.

రెండున్నర పేర్లకి చుక్కలు పెట్టి సేవ్ చేసేను.