యుద్ధానంతర జర్మనీ విలాసవంతమైన కార్లు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీలో తయారైన విలాసవంతమైన కార్లలో '''మెర్సిడెస్-బెంజ్ 300''', '''బి.ఎం.డబ్ల్యు. 501''' ముఖ్యమైనవి. ఈ రెండూ 1951 ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో తొలిసారి ప్రజల ముందుకు వచ్చాయి. మొదటిది తన సంస్థ ప్రతిష్ఠను పెంచగా, రెండవది తన సంస్థను నష్టాలలో ముంచింది.

== నేపథ్యం ==
బి.ఎం.డబ్ల్యు. యుద్ధానికి ముందు కార్లు తయారుచేసిన ఐసెనాహ్ కర్మాగారం యుద్ధానంతరం సోవియట్ ఆక్రమిత ప్రాంతంలో ఉండిపోయింది. మ్యూనిక్‌లో 1948లో మోటారు సైకిళ్ళతో ఉత్పత్తి తిరిగి మొదలైంది. మెర్సిడెస్ కార్లను తయారుచేసే డైమ్లర్-బెంజ్ సంస్థకు లారీలు, చౌకైన డీజిల్ కార్ల అమ్మకాలు అండగా నిలిచాయి.

== పోలిక ==
* '''ఇంజను:''' 300లో 3 లీటర్ల, 115 అశ్వశక్తి గల ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. 501లోనూ సిలిండర్లు ఆరే అయినా పరిమాణం 2 లీటర్లు, శక్తి 65 అశ్వశక్తి మాత్రమే. బరువైన కారుకు ఆ శక్తి చాలలేదు. ఈ లోపాన్ని సరిదిద్దుతూ 1954లో 8 సిలిండర్ల 502 వెలువడింది.
* '''ధర:''' 300 ధర సుమారు 20 వేల మార్కులు, 501 ధర 15 వేల మార్కులకు పైగా ఉండేది. రెండూ సామాన్యులకు అందనివే.
* '''వాడుక పేర్లు:''' తొలి ఛాన్సలర్ కోన్రాడ్ అడెనావర్ వాడినందున 300కు "అడెనావర్" అనే పేరు వచ్చింది. వంపులు తిరిగిన ఆకృతి వలన 501ను "బరోక్ దేవదూత" అనేవారు.

== పర్యవసానం ==
బి.ఎం.డబ్ల్యు.కు పెద్ద కార్లపై లాభం రాలేదు. 1955 నుండి అమ్మిన ఇసెట్టా అనే బుల్లి కారు కూడా సంస్థను గట్టెక్కించలేకపోయింది. 1959 డిసెంబరు 9న జరిగిన వాటాదారుల సమావేశంలో సంస్థను డైమ్లర్-బెంజ్‌కు అప్పగించే ప్రతిపాదన వచ్చింది. చిన్న వాటాదారులు, కార్ల విక్రేతలు దానిని అడ్డుకొన్నారు. తరువాత హెర్బర్ట్ క్వాంట్ పెట్టుబడితో సంస్థ నిలిచింది. 1962లో అమ్మకానికి వచ్చిన మధ్యతరహా 1500 కారుతో కోలుకొన్నది. డైమ్లర్-బెంజ్ మాత్రం 1963లో అంతకంటే ఖరీదైన మెర్సిడెస్-బెంజ్ 600ను విడుదల చేయగలిగింది. 1981 వరకు తయారైన ఈ కార్ల సంఖ్య 2,677 మాత్రమే. ఇతర వాహనాల ఆదాయం ఉన్న సంస్థకే ఇటువంటి కారు సాధ్యపడింది.

== భారతదేశంతో సంబంధం ==
1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం కుదుర్చుకొని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించింది. ఈ సహకారం 1969 వరకు సాగింది. మెర్సిడెస్ కార్ల కూర్పు పూణేలో 1995లో గాని మొదలు కాలేదు. కనుక మన రహదారులపై విరివిగా తిరిగిన తొలి బెంజి వాహనం కారు కాదు, లారీ.