రియోలో జరగని కుస్తీ

2023 సెప్టెంబర్ 8, శుక్రవారం. గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో ఆ రాత్రి డబ్ల్యూడబ్ల్యూఈ పోటీలు. ఉస్మానియా హాస్టళ్ల నుంచి కుర్రాళ్లు తార్నాక మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు వెళ్తుంటే, మాటలు ఇంచుమించు ఇలా నడిచి ఉంటాయి.

"అన్నా, గుంథర్ బెల్ట్ ఇయ్యాల పోతదా?"

"ఏడ పోతది రా! హాంకీ టాంక్ మ్యాన్ 454 రోజులు ఉంచుకున్నడు. ఇయ్యాల్టితోని ఆ రికార్డు దాటుతుండు."

"మరి ఆ బెల్ట్ ఫస్టుల ఎవడు గెలిచిండు?"

"ప్యాట్ ప్యాటర్సన్. 1979ల, బ్రెజిల్ల టోర్నమెంట్ పెట్టిన్రు."

"నువ్వు ఆ వీడియో చూసినవా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. తీయడానికి అక్కడ కుస్తీ జరిగితే కదా!

ప్యాటర్సన్ మాంట్రియల్‌లో పుట్టినవాడు. ఆ ఏడు జూన్‌లో టెడ్ డిబియాసీని ఓడించి నార్త్ అమెరికన్ టైటిల్ తీసుకున్నాడు. సెప్టెంబర్‌లో కంపెనీ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) ఒక ప్రకటన వదిలింది: రియో డి జనీరోలో టోర్నమెంట్ నెగ్గి, దక్షిణ అమెరికా టైటిల్‌నూ ఆయన కలిపేసుకున్నాడని. రెండు ఖండాలు కలిశాయి కాబట్టి ఇంటర్‌కాంటినెంటల్ బెల్ట్. అంతే సంగతి.

ఈ రియో కథ అప్పటికే పాతది. 1963 జనవరి 24న టొరంటోలో బడ్డీ రోజర్స్, లూ థెజ్ చేతిలో ఓడి ప్రపంచ టైటిల్ పోగొట్టుకున్నాడు. రోజర్స్ పేరు మీద టికెట్లు అమ్ముకుంటున్న న్యూయార్క్ వైపు ప్రమోటర్లు విన్స్ మెక్‌మాన్ సీనియర్, టూట్స్ మాంట్‌లకు ఆ ఫలితం మింగుడుపడలేదు. వేరు కుంపటి పెట్టారు. ఆ కంపెనీ పుట్టింది అలాగే. కుంపటి పెట్టాక ఛాంపియన్ కావాలిగా? రోజర్సే రియోలో ఆంటోనినో రోకాను ఓడించి కొత్త టైటిల్ గెలిచాడన్నారు. అదీ ఉత్తుత్తి టోర్నమెంటే. రియో అయితే న్యూయార్క్ ప్రేక్షకుడు వెళ్లి వాకబు చేయలేడు. నన్నడిగితే వాళ్ల తెలివంతా ఆ ఊరిని ఎంచుకోవడంలోనే ఉంది.

అదే ఏడు మే 17న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బ్రూనో సమ్మార్టినో రోజర్స్‌ను 48 సెకన్లలో పడగొట్టాడు. ఫలితం ముందే అనుకున్నదైనా, ఈసారి వేలమంది కళ్లారా చూశారు. టైటిల్‌కు విలువ అక్కడ మొదలైంది.

రియో విజేతల్లాగే, 1910లో లండన్‌లో మన పహిల్వాన్ గామాకూ ప్రత్యర్థి లేకుండానే జాన్ బుల్ బెల్ట్ దక్కింది. రెండోసారి తలపడాల్సిన రోజు ఆయన ప్రత్యర్థి జ్బిష్కో రాలేదు. కాకపోతే గామా వచ్చాడు.

గచ్చిబౌలిలో గుంథర్ షాంకీని ఓడించి బెల్ట్ నిలబెట్టుకున్నాడు. మొత్తం 666 రోజులు మోసి, 2024 ఏప్రిల్ 6న ఫిలడెల్ఫియాలో సామీ జేన్‌కు కోల్పోయాడు. గచ్చిబౌలిలో ఆ రాత్రి జేన్ కూడా ఆడాడు, వేరే మ్యాచ్‌లో.