ఆశ్వీనము: కళింగనగర మార్గములు

పాణిని మహర్షి యష్టాధ్యాయియందు, అయిదవ యధ్యాయము రెండవ పాదమున, "ఆశ్వీన" శబ్దమును సాధించెను. ఒక యశ్వము ఒక దినమున నడచు మార్గ మని దాని యర్థము. అశ్వశబ్దముపై ఖఞ్ ప్రత్యయము వచ్చి, ఖకారమునకు ఈనాదేశమును, ఆదివృద్ధియుఁ గలిగి రూపము సిద్ధించును. శబ్దసాధన మింతమాత్రమే, విద్యార్థులకు క్లేశ మేమియు లేదు. చిక్కంతయు నర్థమునందుఁ గలదు. ఆ దూర మెంత?

ముప్పదియేండ్లుగా నేను శిష్యులకు ఈ సూత్రమును జెప్పుచు, యోజన మనఁగా నెనిమిది మైళ్లనియు, మేలైన యశ్వము దినమునకుఁ బది యోజనములు పోవు ననియు వివరించి ముందునకు సాగుచుంటిని. ఒకప్పుడు శ్రీముఖలింగమున మధుకేశ్వరస్వామిని దర్శించి వంశధార యొడ్డునఁ గూర్చుండియుండఁగా, వెంట వచ్చిన శిష్యుఁడొకఁడు "గురువుగారూ, ఇక్కడినుండి గుఱ్ఱముపైఁ గటకమున కెన్నాళ్లలోఁ జేరవచ్చును?" అని యడిగెను. నేను నోటిలెక్క వేసి "మూఁడవనాఁటికిఁ జేరవచ్చు" నంటిని. "మూఁడవనాఁడు గుఱ్ఱము లేచి నిలుచునా?" అని యతఁడు మరల నడిగెను. నాకు సమాధానము తోఁపలేదు. ఆ ప్రశ్నమే యీ వ్యాసమునకు మూలము.

మొదట ప్రమాణములను జూతము. అథర్వవేదము ఆఱవ కాండమున ఆశ్వీనశబ్దము మూఁడు యోజనములు, అయిదు యోజనములు అను దూరములతోఁ గూడ వచ్చినది. కావున పాణిని సాధించిన శబ్దము ఆయన కల్పితము గాదు; లోకమునఁ జిరకాలముగా వాడుకయందున్నదే. అతిశయార్థమునఁ దరప్ ప్రత్యయమును విచారించుచోఁ బతంజలి భాష్యకారుఁడు నాలుగు యోజనములు పోవునది యశ్వ మనియు, ఎనిమిది యోజనములు పోవునది యంతకు మేలైన యశ్వ మనియు నుదాహరించెను. కౌటిల్యుని యర్థశాస్త్రమును 1909లో మైసూరున శ్యామశాస్త్రిగారు ప్రకటించిన తరువాత మఱియొక ప్రమాణము లభించినది. అశ్వాధ్యక్షప్రకరణమున రథాశ్వములకు ఆఱు, తొమ్మిది, పండ్రెండు యోజనములును, ఆరోహణాశ్వములకు అయిదు, ఏడున్నర, పది యోజనములును, అధమ మధ్యమోత్తమ భేదముచే మార్గముగాఁ జెప్పఁబడినవి.

ఇఁక యోజన మెంత? లీలావతియందు భాస్కరాచార్యులు నాలుగు హస్తములు దండ మనియు, రెండువేల దండములు క్రోశ మనియు, నాలుగు క్రోశములు యోజన మనియుఁ జెప్పిరి. దండమును సుమారు ఆఱడుగులుగాఁ గొన్నచో యోజనము 14.6 కిలోమీటర్లగును. దీనిని మహాయోజన మందము. అర్థశాస్త్రమున గోరుతమునకు వేయి ధనుస్సు లని యొక పాఠమును, రెండువేల ధనుస్సు లని మఱియొక పాఠమును గలవు. నాలుగు గోరుతములు యోజనము. మొదటి పాఠమును గొన్నచో యోజనము 7.3 కిలోమీటర్లే. దీనిని లఘుయోజన మందము. ఈ రెంటిలో నేది గ్రాహ్యము? కోశములు చూచి దీనిని నిర్ణయింప వీలులేదు. గుఱ్ఱమునే యడుగవలయును.

గుఱ్ఱము నడిగినవారు మనకాలమునఁ గలరు. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వెండెల్ రోబీ యనునాయన కొందఱు మిత్రులతోఁ గూడి, తాహో సరస్సు ప్రాంతమునుండి సియెర్రా పర్వతములను దాఁటి ఆబర్న్ పట్టణమువఱకు నూఱు మైళ్లు, అనఁగా 160 కిలోమీటర్లు, ఇరువదినాలుగు గంటలలో గుఱ్ఱములపైఁ బోయెను. ఆ స్వారియే యేఁటేఁట జరుగుచు టెవిస్ కప్ అను పేరఁ బ్రసిద్ధి కెక్కినది. 1978లో అంతర్జాతీయాశ్వక్రీడాసంఘము ఈ దీర్ఘదూరపు పందెమును దన క్రీడలలోఁ జేర్చుకొన్నది. 1986లో రోము నగరమున మొదటి ప్రపంచపు పోటీ జరిగినది. మన దేశమువారును దీనియందుఁ బాల్గొనుచున్నారు. 2023లో ఫ్రాన్సు దేశమున యువజనులకు జరిగిన ప్రపంచపు పోటీయందు నిదా అంజుమ్ చేలాట్ అను మలయాళ యువతి 120 కిలోమీటర్ల మార్గమును ముగించినది.

ఈ పందెమునకును సామాన్యపుఁ బరుగుపందెమునకును భేద మేమనఁగా, ఇందు వేగమొక్కటియే జయకారణము గాదు. మార్గమును భాగములుగా విభజింతురు. ప్రతిభాగాంతమున నశ్వవైద్యులు గుఱ్ఱమును బరీక్షింతురు. నియతకాలములోపల దాని గుండె కొట్టుకొనుట సామాన్యముగా నిమిషమునకు 64 మాఱులకైనను దిగవలయును. కుంటుచున్నదేమో నడిపించి చూతురు; నోటి తడిని, చర్మపు బిగువును, కడుపులోని సవ్వడిని బరిశీలింతురు. ఇందు లోప మున్నచో నెంత ముందుగా వచ్చిన గుఱ్ఱమైనను దొలఁగింపఁబడును. తుదిపరీక్షలోఁ దప్పినచో ముందుగాఁ జేరినవానికిని జయము లేదు. టెవిస్ పందెమున 1964 మొదలుకొని, మొదటఁ జేరిన పది గుఱ్ఱములలో మిక్కిలి స్వస్థతతో నున్నదానికి హాగిన్ కప్ అను ప్రత్యేకబహుమాన మీయఁబడుచున్నది. 160 కిలోమీటర్లు నడచిన గుఱ్ఱమును మరునాఁడు పందెమునకుఁ దీసికొనిపోరు. కొన్నివారముల విశ్రాంతి నియతము.

ఈ నియమములను మనసున నుంచుకొని యర్థశాస్త్రమును మరలఁ జూతము. మహాయోజనమును గొన్నచో నుత్తమారోహణాశ్వము దినమునకు 146 కిలోమీటర్లు, ఉత్తమరథాశ్వము 175 కిలోమీటర్లు నడువవలయును. నేఁటి ప్రపంచమున నేరి పెంచిన గుఱ్ఱములు, వైద్యులు వెంటనుండఁగా, కొన్నివారముల కొకమాఱు చేయు పనిని రాజు లాయములోని గుఱ్ఱములు బండి లాగుచు నిత్యము చేయవలసివచ్చును. ఇది యసంభవము. లఘుయోజనమును గొన్నచో నారోహణాశ్వములకు 36, 55, 73 కిలోమీటర్లును, ఉత్తమరథాశ్వమునకు 88 కిలోమీటర్లును వచ్చును. ఇవి కష్టసాధ్యములైనను సాధ్యములే.

పతంజలి చెప్పిన నాలుగు, ఎనిమిది యోజనములు రెండు మానములతోను బొసఁగును. కావున నా వాక్యము నిర్ణాయకము గాదని యొప్పుకొనుచున్నాను. రథాశ్వవాక్యమే నిర్ణాయకము. ప్రాచీనాశ్వములు నేఁటివానికంటె బలిష్ఠము లని కొంద ఱనవచ్చును. ఆ మాటకుఁ బ్రమాణము కావలయును. కౌటిల్యుఁడే గుఱ్ఱములకు మేఁతను, స్నేహపానమును, చికిత్సకులను విధించి, వానిని జాగ్రత్తగాఁ గాపాడవలసిన ప్రాణులుగాఁ జెప్పెనుగాని దివ్యాశ్వములుగాఁ జెప్పలేదు.

ఈ మానముతోఁ గళింగనగరమును జూతము. ముఖలింగమే గాంగుల తొల్లిటి రాజధాని యగు కళింగనగర మని, అక్కడి శాసనములను జదివి గిడుగు వెంకట రామమూర్తిపంతులుగారు స్థాపింపఁజూచిరి. కళింగపట్టణమే యది యని వాదించినవారును గలరు. ముఖలింగమునుండి వంశధార సముద్రమునఁ గలియు కళింగపట్టణమునకు సరళరేఖలో 33 కిలోమీటర్లు. ఏటి వంకరలతో నంతకు మించును. లఘుయోజనము ప్రకార మిది సరిగా నొక సామాన్యాశ్వపు టాశ్వీనము. రేవున దిగినవాఁడు ఉదయమున బయలుదేఱి సాయంకాలమునకు మధుకేశ్వరుని సన్నిధిఁ జేరఁగలఁడు. ఇంతమాత్రముచే రాజధాని యెచ్చట నుండెనో తేలదు. కాని రేవును రాజధానియు నొకే యూరై యుండవలె నను వాదమునకు బలము తగ్గును.

కటక మిక్కడికి సరళరేఖలోనే సుమారు 290 కిలోమీటర్లు. ఉత్తమాశ్వమునకు నాలుగు దినములు, మధ్యమమునకు అయిదాఱు, అధమమునకు ఎనిమిది పట్టును. సేనకు కౌటిల్యుఁడు దినమున కొక యోజనము మొదలు రెండు యోజనములవఱకు విధించెను. కావున సేనకు ఇరువదిదినములకుఁ దక్కువ గాదు. 1078లో పట్టాభిషిక్తుఁడైన యనంతవర్మ చోడగంగదేవుఁడు రాజ్యమును గంగానదివఱకు విస్తరింపఁజేసిన పిమ్మటఁ బ్రధాననగరము కటకమునకు మాఱినది. దీనికి మతకారణములను, రాజకీయకారణములను జరిత్రకారులు చెప్పుదురు. వార్త వచ్చుటకు పదిదినములు, సేన పోవుటకు నెల పట్టు రాజ్యమును ఒక మూలనుండి పాలించుట కష్టమనునదియు వానిలోఁ జేర్పఁదగినదని నా యూహ.

ఇచ్చట నొక పూర్వపక్షమును బరిహరింపవలయును. కళింగము గుఱ్ఱములకు జన్మభూమి యని దేశాభిమానముచేఁ గొంద ఱందురు. వారి యాధారము పాణిని యాఱవ యధ్యాయమునఁ బఠించిన "తైతిలకద్రూ" శబ్దము. అర్థశాస్త్రమునఁ దైతలాశ్వములు మధ్యమజాతిగాఁ జెప్పఁబడినవి. వాసుదేవశరణ అగ్రవాలగారు తైతిలమును దేశనామముగాఁ గొని, ఒడిశాలోని టిట్లాగఢ్ ప్రాంత మని యూహించిరి. కాని కాశికాకారులు తితిలిన్ అనువాని సంతతివారు, లేక శిష్యులు, తైతిలు లని వ్యాఖ్యానించిరి. తైతిలిశబ్దమునకు వార్తికమందును స్థానము గలదు. రెండు విధములఁ బొసఁగు నొక శబ్దముపై దేశచరిత్రమును నిలుపరాదు. కోణార్కమున గాంగనరసింహదేవుఁడు చెక్కించిన సూర్యరథపు గుఱ్ఱములను గొందఱు చూపుదురు. శిల్పి గుఱ్ఱములను జూచెననుటకు అవి సాక్ష్యములేగాని, గుఱ్ఱము లిక్కడఁ బుట్టెననుటకుఁ గావు. కౌటిల్యుఁడు కళింగమునకుఁ బ్రశంస యిచ్చినది యేనుఁగులవిషయమున. ఉత్తమాశ్వములకుఁ గాంభోజ సింధ్వాదులను బేర్కొనెను.

కావున మనకు గుఱ్ఱము దూరమునుండి వచ్చిన యతిథి. కాకతి గణపతిదేవుఁడు 1244లో మోటుపల్లియందు వేయించిన యభయశాసనమున, తుఫానులచే నొడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని యేనుఁగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండి రనియు, తా నట్లు చేయఁ డనియుఁ జెప్పఁబడినది. గుఱ్ఱముల యోడప్రయాణ మెంత యపాయకరమో యిందువలనఁ దెలియును. దక్షిణపు రాజులు ప్రతివత్సరము వేలకొలఁది గుఱ్ఱములను గొనినను, పోషణ తెలియమిచే సంవత్సరాంతమునకు నూఱైన మిగులవని మార్కో పోలో వ్రాసెను. సాళువ నరసింహరాయలు సముద్రమునఁ జచ్చిన గుఱ్ఱపుఁ దోఁకను దెచ్చి చూపినను బ్రదికినదానితో సమముగా వెల యిచ్చె నని నూనిజ్ అను పోర్చుగీసువాఁడు చెప్పెను. ఆ వెలను జూచి నవ్వుకొనరాదు. దారియందలి నష్టమును వర్తకునిపైఁ బెట్టినచో మఱుసటియేఁడు గుఱ్ఱములు రావని యా రాజెఱుఁగును.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గైకొని, 1516లో సింహాచలమునకు వచ్చెను. విజయనగరమునుండి సింహాచలము సరళరేఖలోనే సుమారు 770 కిలోమీటర్లు. ఆఁగకుండ నడచినను సేనకు ఏఁబది దినములకు మించును. హోర్ముజునుండి యోడపై వచ్చి, పడమటి రేవున దిగి, విజయనగరముఁ జేరి, అక్కడినుండి యిక్కడికి నడచిన గుఱ్ఱమున కొక్కొక్క యాశ్వీనమును బ్రాణపరీక్షయే. నేఁడు పందెమునకు గుఱ్ఱమును మోటారుబండిపైఁ గొనిపోవువారును నడుమ నడుమ నిలిపి నీరు పెట్టుదురు. తల నెత్తి కట్టియుంచినచో ఊపిరితిత్తులకు వ్యాధి వచ్చునని తల దించుకొననిత్తురు. పందెమునకు ముందే చేరి విశ్రాంతి నిత్తురు. మార్గము పందెమునకుఁ బూర్వమే మొదలగునని వా రెఱుఁగుదురు.

సూత్రమున నున్నది "ఒక దినము" అను మాటయే. కాని మఱునాఁడు లేవలేని గుఱ్ఱము నడచిన దూరమును లోకము మానముగా గ్రహింపదు. కొలఁత యనునది మరలమరల నిలువవలయునుగదా. ఆశ్వీనము వేగమునకు మానము గాదు, ఓర్పునకు మానము. ఈ యర్థమును నాకు బోధించినది ముప్పదియేండ్ల పాఠప్రవచనము గాదు, నది యొడ్డున నొక విద్యార్థి వేసిన ప్రశ్నము.

ఇఁకమీఁద యోజనశబ్దము వచ్చినప్పుడు ఎనిమిది మైళ్లని యొకేమాట చెప్పి విడువక, గ్రంథమును, సందర్భమును, నడచుప్రాణినిఁ జూచి యర్థము చెప్పవలసినదని పాఠశాలాపండితులకు నా విన్నపము. నా శిష్యునకు "మంచి గుఱ్ఱమైన నాలుగైదు దినములు, సామాన్యమైన దెనిమిది" అని పిదప నుత్తరము చెప్పితిని. ఇందు లెక్కయందుఁ గాని శాస్త్రమందుఁ గాని దోషమున్నచో విద్వాంసులు చూపి నన్ను ననుగ్రహింతురు గాక.