పెరటి నత్తలు, మెట్ట పువ్వులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతం నత్తలకు పుట్టినిల్లు కాదు. ఎర్రని చెల్క నేలల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు తడి ఉండదు. తడి లేనిదే నత్తకు మనుగడ లేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. క్రమంగా బోర్లు, డ్రిప్పు గొట్టాలు, పెరటి కుండీలు పెరిగాయి. నీడా తడీ నిలిచిన చోట నత్తలకూ, పెంకు లేని నత్తలకూ ఆశ్రయం దొరుకుతుంది.

దేశంలో అపకీర్తి పొందిన ఆఫ్రికా రాక్షస నత్తను మనిషే తెచ్చాడు. 1847లో విలియం బెన్సన్ అనే ప్రకృతి పరిశోధకుడు మారిషస్ నుండి తెచ్చి కలకత్తాలోని ఒక తోటలో వదిలాడు. ఇది కేవలం మొక్కల సమస్య కాదు. 1935లో చైనాలోని కాంటన్‌లో ఎలుకల ఊపిరితిత్తులలో ఒక సన్నని పురుగును వర్ణించారు. దాని పిల్ల పురుగులు నత్తలలో ఎదుగుతాయి. సరిగా కడగని పచ్చి ఆకులతో చిన్న నత్త కడుపులోకి పోతే మెదడు పొరల వాపు రావచ్చు. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం దాని లక్షణాలు. తొలి మానవ కేసు 1945లో తైవాన్‌లో వెలుగు చూసింది.

నత్తలను చంపడానికి 1930ల నుండి మెటాల్డిహైడ్ గుళికలు వాడుకలోకి వచ్చాయి. వాటిని మింగిన పసిపిల్లలకు, కుక్కలకు మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. బ్రిటన్ 2022లో ఆరుబయట వాటి వాడకాన్ని నిషేధించింది.

విషం కన్నా మొక్కల ఎంపిక మేలు. లేత బంతి నారు నత్తలకు మహా ప్రీతి. తంగేడు సంగతి వేరు. దాని బెరడుతో మన పెద్దలు తోళ్ళు పదును చేసేవారు. అందుకు పనికొచ్చిన వగరు గుణమే ఆకు తినే ప్రాణులకు గిట్టదు. పశువులు సైతం తంగేడును ముట్టవు. అయినా తుమ్మెదలకు అది విందు. తేనె లేని ఆ పువ్వును తుమ్మెద ఝుమ్మని కంపింపజేసి పుప్పొడి రాలుస్తుంది. చేను గట్టున పశువులకు అడ్డుగా వేసిన ముళ్ళ కుసుమ కూడా తేనెటీగలను పిలుస్తుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. పెరట్లోనూ దానికి చోటివ్వాలి.

ఏ మొక్కా నత్తకు పూర్తిగా అతీతం కాదు. కనుక నీరు సాయంత్రం కాక ఉదయం పోయండి. నత్తలను వట్టి చేతులతో తాకకండి. ఆకుకూరలను ఒక్కొక్క ఆకు విడదీసి కడిగి, ఉడికించి తినండి.