మురుగు కాల్వల్లో పోలీసులు
బొమ్మల కథలు సాహిత్య చర్చకు తగవని నేనూ చాలాకాలం అనుకున్నవాడినే. 'క్రాకెన్' చూశాక ఆ పట్టు సడలింది. 1983లో స్పెయిన్‌లో మొదలైన ఈ కథలకు రచయిత ఆంటోనియో సెగురా, చిత్రకారుడు జోర్డి బెర్నెట్. మెట్రోపోల్ అనే ఊహానగరం కింద, మురుగు సొరంగాల్లో ఒక రాక్షస జీవిని వేటాడే పోలీసు దళం. దాని నాయకుడు లెఫ్టినెంట్ డాంటే. నరకాన్ని వర్ణించిన ఇటలీ మహాకవి పేరది, కాకతాళీయమని నేననుకోను. రాక్షసి కనిపించేది అరుదు. ఆ చీకట్లో ఎక్కువగా తారసపడేది నగరం విసర్జించిన మనుషులే.

ఫ్రాంకో 1975లో పోయాడు. 1977 క్షమాభిక్ష చట్టం రాజకీయ ఖైదీలతో పాటు వాళ్లను హింసించిన అధికారులనూ విచారణ నుంచి తప్పించింది. 1978లో కొత్త రాజ్యాంగం వచ్చినా ఠాణాల్లో పాత పోలీసులు చాలామంది అలాగే ఉండిపోయారు. 1981 ఫిబ్రవరిలో పార్లమెంటులోకి తుపాకులతో చొరబడినవాళ్లు సివిల్ గార్డులే. ఆ తర్వాత రెండేళ్లకే సెగురా తన పోలీసులను నేల కిందికి దింపాడు.