వరి ఊక సిలికాన్‌తో లిథియం బ్యాటరీ ఆనోడ్: లెక్కకు రాని ఖర్చులు

వరి మొక్క నేలలోని సిలికాను వేళ్లతో పీల్చుకుని గింజ పైపొట్టులో నిలవ చేసుకుంటుంది. ఎండు ఊక బరువులో సుమారు 15 నుంచి 20 శాతం సిలికాయే. అది పొట్టులో అతిసూక్ష్మమైన నానో రేణువులుగా పేరుకుని ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లోని యీ ట్సుయ్ బృందం 2013లో ఈ సిలికాను సిలికాన్‌గా మార్చి ఆనోడ్ తయారుచేసింది. గ్రాముకు 2,790 మిల్లీ ఆంపియర్ గంటల సామర్థ్యం వచ్చింది. 300 చార్జింగ్ చక్రాల తర్వాత కూడా అందులో 86 శాతం నిలిచింది. వరి పండే ప్రాంతాల వారికి ఆశ పుట్టించే ఫలితమిది. అయితే ఊక ఇచ్చేది ముడిసరుకు మాత్రమే, ఆనోడ్ భవిష్యత్తు తేలేది మరో రెండు చోట్ల అని ఈ వ్యాసం వాదన.

నేటి బ్యాటరీల్లో ఉన్న గ్రాఫైట్ గరిష్ఠ సామర్థ్యం గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ గంటలు. సిలికాన్‌ది గది ఉష్ణోగ్రత వద్ద 3,579. కానీ లిథియం నిండితే గ్రాఫైట్ పదో వంతు ఉబ్బుతుంది, సిలికాన్ దాదాపు నాలుగింతలవుతుంది. పెద్ద రేణువు ఈ ఒత్తిడికి పగిలిపోతుంది. స్ఫటిక సిలికాన్ రేణువు సుమారు 150 నానోమీటర్లకు లోపు ఉంటే పగలదని 2012లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ప్రయోగాలు చూపాయి. ఊక సిలికాన్ బలం ఇక్కడే ఉంది.

బలహీనతకూ మూలం ఆ చిన్న పరిమాణమే; భవిష్యత్తు తేలే మొదటి చోటు ఇదే. 10 మైక్రోమీటర్ల గోళాన్ని 100 నానోమీటర్ల గోళాలుగా మారిస్తే, అదే బరువుకు ఉపరితలం నూరు రెట్లవుతుంది. మొదటి చార్జింగ్‌లో ఎలక్ట్రోలైట్ కొంత విచ్ఛిన్నమై ఆ ఉపరితలంపై పలుచని పొర కడుతుంది. గ్రాఫైట్ మీద పొర కుదురుకుంటుంది. సిలికాన్ మీద, రేణువు ఉబ్బి కుంచించుకునే కొద్దీ పొర చిట్లి మళ్లీ పుడుతుంది. ప్రతిసారీ కొంత లిథియం అందులో శాశ్వతంగా చిక్కుకుపోతుంది. చక్రానికి అర శాతం లిథియం పోయినా, నూరు చక్రాలకు మిగిలేది 60 శాతమే. హాఫ్ సెల్ పరీక్షలో ఎదురు ధ్రువం లిథియం లోహం, లిథియానికి కొరత ఉండదు కాబట్టి ఈ లోటు బయటపడదు.

అందుకే మిశ్రమ పదార్థం కావాలి. 100 నానోమీటర్ల రేణువు నాలుగింతలు ఉబ్బాలంటే చుట్టూ కార్బన్ గుల్ల లోపలి వ్యాసం 160 నానోమీటర్లుండాలి. అప్పుడు పొర గుల్ల బయటే ఏర్పడి చెక్కుచెదరదు. కానీ గుల్లలో మూడొంతులు ఖాళీ జాగా. ఘనపరిమాణం లెక్కన సామర్థ్యం ఆ మేరకు తగ్గుతుంది. రేణువులను అతికించి ఉంచే బైండర్ పాత్రనూ చిన్నచూపు చూడకూడదు. గోధుమవర్ణపు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, సాధారణంగా వాడే ఫ్లోరిన్ పాలిమర్ కన్నా సిలికాన్‌ను బాగా పట్టుకుంటుందని 2011లోనే తేలింది.

రెండోది మెగ్నీషియం. ఊకను ముందు ఆమ్లంతో కడిగి పొటాషియం తీసేయాలి, లేకపోతే కాల్చేటప్పుడు సిలికా కరిగి ముద్దకట్టి కార్బన్‌ను బంధిస్తుంది. అలా వచ్చిన తెల్లని సిలికాను 650 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మెగ్నీషియంతో క్షయకరణం చేస్తారు. కిలో సిలికాన్‌కు సిద్ధాంతరీత్యానే 1.7 కిలోల మెగ్నీషియం ఖర్చవుతుంది. తయారీకి ఎంతో విద్యుత్తు లేదా ఇంధనం మింగే లోహమది. టన్ను ధాన్యంలో ఊక 200 కిలోలు, సిలికా 30 కిలోలు అనుకుంటే చేతికందే సిలికాన్ మహా అయితే 14 కిలోలు, దానికి మెగ్నీషియం 24 కిలోలు. పైగా ఈ చర్య వేడి పుట్టిస్తుంది. అదుపు తప్పితే నానో రేణువులు అతుక్కుపోతాయి. ఉప్పు కలిపితే అది 801 డిగ్రీల వద్ద కరుగుతూ వేడిని లాక్కుంటుంది.

రైస్ మిల్లు బాయిలర్ బూడిదను ఈ పనికి నేరుగా వాడవచ్చనుకోవడం పొరపాటు. ఆ మంటలో సిలికా కొంత స్ఫటికంగా మారుతుంది, కాలని కార్బన్ మిగిలిపోతుంది.

ఊక సిలికాన్‌పై పనిచేసే పరిశోధకులకు ఒక విన్నపం: గ్రాము సామర్థ్యంతో సరిపెట్టకుండా, లిథియం పరిమితంగా ఉండే ఫుల్ సెల్‌లో చక్రానికి పోయే లిథియం ఎంతో, కిలో సిలికాన్‌కు ఖర్చయిన మెగ్నీషియం ఎంతో మీ పత్రంలో తప్పక రాయండి.