కీత్ రిచర్డ్స్ రక్తం మార్పించుకున్నాడా?

కొన్నేళ్ళ క్రితం మా హేతువాద సంఘం నెలవారీ సమావేశంలో వినాయకుడు పాలు తాగిన ఉదంతం చర్చకు వచ్చింది. 1995 సెప్టెంబరు 21న జనం చెంచాలు పట్టుకుని గుళ్ళ ముందు ఎలా బారులు తీరారో, తలతన్యత వల్ల చెంచాలోని పాలు విగ్రహం మీదికి ఎలా జారాయో ఒక మిత్రుడు చేసి చూపించాడు. అందరం నవ్వుకున్నాం. తర్వాత టీ తాగుతూ కబుర్లలో పడ్డాం. మాటల మధ్య రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ప్రస్తావన వచ్చింది. "అన్ని మత్తుమందులు వాడి కూడా ఆయన ఇంకా ఎలా బతికున్నాడండీ?" అని ఒకరు అడిగారు. నేను తడుముకోకుండా, "స్విట్జర్లాండ్‌లో ఒంట్లో రక్తమంతా తీయించి కొత్తది ఎక్కించుకున్నాడు కదా" అన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. రాయి పాలు తాగిందంటే నమ్మని పాతికమందిమీ ఈ మాటను టీతో పాటు గుటుక్కున మింగేశాం.

ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది. ఈ సంగతి నాకెవరు చెప్పారు? కాలేజీ హాస్టల్లో ఎవడో. వాడికెవరు చెప్పారు? బాబాల మహిమల గురించి నేను ఎదుటివాళ్ళను అడిగే ప్రశ్నలివే. నన్ను నేను మాత్రం ఒక్కసారీ అడుక్కోలేదు. సరే, ఇప్పుడైనా అడుగుదామని కూర్చున్నాను.

కీత్ 1943 డిసెంబరు 18న ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. 1961లో అదే ఊరి రైల్వే ప్లాట్‌ఫారం మీద, చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు పెట్టుకున్న మిక్ జాగర్ కనిపించాడు. ఆ మరుసటి ఏడాదే రోలింగ్ స్టోన్స్ మొదలైంది. మనిషికి మొదటినుంచీ నోటి దురుసు, హాస్యం రెండూ ఎక్కువే. 1967లో పోలీసులు ఆయన ఇంటి మీద దాడి చేసి, మత్తుమందుల వాడకానికి ఇల్లు ఇచ్చాడని కేసు పెట్టారు. అంతమంది మగవాళ్ళ మధ్య ఒక యువతి ఒంటి మీద దుప్పటితో కూర్చోవడం తప్పనిపించలేదా అని ప్రాసిక్యూటర్ అడిగితే, మేమేం ముసలివాళ్ళం కాదు, ఇలాంటి చిల్లర నీతులు మాకు పట్టవు అన్న అర్థంలో జవాబిచ్చాడు. ఏడాది జైలుశిక్ష పడింది. ఆ జులై 31న పై కోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక రక్తం సంగతి. 1973లో స్టోన్స్ బృందం యూరప్ పర్యటనలో ఉంది. కీత్ అప్పటికి హెరాయిన్‌కు బానిస. ఆ సమయంలోనే ఈ రక్తమార్పిడి జరిగిందని, ఆయన దగ్గర పనిచేసిన టోనీ శాంచెజ్ 1979లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. కథ ప్రపంచమంతా పాకింది. కీత్ చెప్పింది వేరు. చికిత్స కోసం స్విట్జర్లాండ్ వెళ్తుంటే విమానాశ్రయంలో విలేకరులు ఎక్కడికి, ఎందుకు అని వెంటపడ్డారట. విసుగుపుట్టి, రక్తం మార్పించుకోవడానికి అన్నాడట. అంతే! విసుగులో పుట్టిన వెటకారం పురాణమై కూర్చుంది. జీవితమంతా కాదు కాదు అంటూనే ఉన్నాడు, వినేవాళ్ళేరీ?

ఆయన మాట కూడా పక్కన పెడదాం. అసలు ఇది సాధ్యమేనా? పసిపిల్లలకు కామెర్లు ముదిరినప్పుడు డాక్టర్లు రక్తం మార్చే మాట నిజమే. కానీ హెరాయిన్ రక్తంలోంచి రోజుల్లోనే పోతుంది. వ్యసనం ఉండేది మెదడులో. ఆ మాటకొస్తే ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అంటే నాలుగు నెలలకోసారి ఎర్రకణాలన్నీ వాటంతటవే కొత్తవవుతున్నాయి. దానివల్ల తాగుడు మానినవాడు ఎవడైనా ఉన్నాడా?

ఇంకో సాక్ష్యం చరిత్రలోనే ఉంది. 1973లో రక్తం మారి శుద్ధుడై ఉంటే, 1977 ఫిబ్రవరిలో కెనడాలోని టొరంటోలో ఆయన గదిలో 22 గ్రాముల హెరాయిన్ ఎందుకు దొరికింది? అమ్మకం నేరం రుజువైతే యావజ్జీవం దాకా పడే కేసది. చివరికి దగ్గర ఉంచుకున్న నేరం మాత్రం ఒప్పుకుని, జైలు తప్పించుకున్నాడు. షరతు ప్రకారం 1979లో అంధుల సహాయార్థం కచేరీ చేశాడు. ఈ ఒక్క తేదీ గుర్తుంటే చాలు, కథ కూలిపోతుంది. నాకు కథ గుర్తుంది, తేదీ గుర్తులేదు.

మరి ఎలా బతికాడు? మనం ప్రశ్న వేసే తీరులోనే ఉంది తిరకాసు. బతికినవాణ్ణి చూసి రహస్యమేమిటని అడుగుతాం. పోయినవాళ్ళను లెక్కలోకి తీసుకోం. కీత్‌కు ప్రాణస్నేహితుడైన గాయకుడు గ్రామ్ పార్సన్స్, సరిగ్గా ఆ 1973 యూరప్ పర్యటన జరుగుతుండగానే, సెప్టెంబరు 19న కాలిఫోర్నియాలో మార్ఫిన్, మద్యం వల్ల చనిపోయాడు. వయసు 26. ఒకే ఏడాది, ఒకే వ్యసనం, ఇద్దరు మిత్రులు. బతికినవాడికి మనం ఒక మహిమ అంటగట్టాం. పోయినవాడి పేరు మా టీ కబుర్లలో రానేలేదు. పది మందికి తాయెత్తు కట్టి, కోలుకున్న ఇద్దరినే ఊరంతా తిప్పి చూపించే వ్యవహారానికీ దీనికీ తేడా ఏమిటో మీరే చెప్పండి. నిజానికి కీత్‌ను కాపాడినవి డబ్బు, డాక్టర్లు, లాయర్లు, ఆపైన గుడ్డి అదృష్టం. 2006లో ఫిజీలో చెట్టు మీంచి పడి తలకు దెబ్బ తగిలితే, న్యూజీలాండ్‌లో పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారు. అది మహిమ కాదు, సర్జరీ.

ఇక్కడితో ఆగితే నాకు మరీ సుఖంగా ఉండేది. కానీ ఇంకో ముచ్చట ఉంది. 2007లో ఒక ఇంటర్వ్యూలో, తండ్రి చితాభస్మాన్ని ముక్కుతో పీల్చేశానన్నాడు కీత్. ప్రపంచం ముక్కున వేలేసుకుంది. అదంతా జోకని ఆయన మనుషులు సర్దిచెప్పారు. మనలాంటి వాళ్ళం హమ్మయ్య అనుకున్నాం. 2010లో ఆత్మకథ వచ్చింది. ఓక్ మొక్క నాటి దాని దగ్గర చల్లుదామని పెట్టె తెరిస్తే కాస్త బూడిద బల్ల మీద పడిందనీ, నాన్నను తుడిచి పారేయడం మనసొప్పక వేలితో అద్ది పీల్చాననీ అందులో చెప్పాడు. చూశారా? జోకును నిజమనుకున్నాం, నిజమన్నదాన్ని జోకనుకున్నాం. రెండుసార్లూ మనల్ని నడిపించింది సాక్ష్యం కాదు, మన ఇష్టమే. ఆ మాటకొస్తే ఈ రెండోదానికి కూడా ఆయన నోటిమాట తప్ప మన దగ్గర ఏముంది?

కచేరీల్లో కీత్ ఒక మాట అంటూ ఉంటాడు: ఇక్కడ ఉన్నందుకు సంతోషం, అసలు ఎక్కడ ఉన్నా సంతోషమే అని. జనం ఘొల్లున నవ్వుతారు. నాకు మాత్రం ఆయన గురించి పుట్టిన కథలన్నిటికన్నా ఈ ఒక్క జోకే నిజాయితీగా కనిపిస్తుంది. తను బతికి ఉండటంలో తన గొప్పతనమేమీ లేదని తెలిసినవాడి మాట అది.

తర్వాతి సమావేశంలో నేను నా తప్పు ఒప్పుకున్నాను. తేదీలతో సహా అన్నీ వివరించాను. అంతా విని, ఆ రోజు ప్రశ్న అడిగిన మిత్రుడే కాస్త నిరాశగా అన్నాడు, "ఏమోనండీ, ఆ రక్తం కథే బాగుంది."

నవ్వొచ్చింది గానీ, వినాయకుడు తాగిన పాలు గుర్తొచ్చాయి. ఆ కథా బాగానే ఉండేది.